నాకేమీ కాని మనిషి

మొన్న రాఖీ పున్నమికి జగిత్యాల బస్టాండులో సిరిసిల్ల బస్సు కోసం నిలబడ్డాను. నిలబడ్డాను అనడం కూడా గొప్పే. నా కాళ్ళు నేల మీద ఉన్నది తక్కువ, పక్కవాళ్ళ కాళ్ళ మీద ఉన్నది ఎక్కువ. రాఖీ రోజు మా దిక్కు ఆడవాళ్ళంతా ఒక్కసారే పుట్టింటికి కదులుతారు. బస్సు ఇంకా ఆగకముందే ఒక కుర్రాడు కిటికీలోంచి చేయి దూర్చి సీటు మీద దస్తీ, అదే చేతిరుమాలు, వేశాడు. బస్సు ఆగాక ఎక్కి ఆ సీటులో కూర్చోబోయిన ముసలమ్మ అతని మీద ఇంతెత్తున లేచింది. అతను ఏమాత్రం తొణక్కుండా, "అత్తా, కోపానికి రాకు, ఇద్దరం సర్దుకుందాం" అన్నాడు. ఎక్కడి అత్తో, ఎవరి అత్తో! ముసలమ్మ గొణుక్కుంటూనే జరిగి చోటిచ్చింది. నాకు అంత గుంపులోనూ నవ్వాగలేదు. అత్తా అన్న ఆ తీరు నాకు బాగా తెలుసు. ఆ తీరు గల మనిషిని రెండేళ్ళుగా తలుచుకోవద్దని గట్టిగా అనుకుని, దాదాపు రోజూ తలుచుకుంటున్నాను.

అతని పేరు చెప్పను. పేరు చెప్పుకునేంత సంబంధం మా మధ్య లేదు. లేదని మేమిద్దరమే కూర్చుని ఒప్పుకున్నాం, మధ్యలో పెద్దమనుషులెవరూ లేరు.

అతనిది కోరుట్ల పక్కన ఒక ఊరు. ఇళ్ళకు ఇంటర్నెట్ వైరు గుంజే పని. భుజం మీద నిచ్చెన, నడుముకు వైరు చుట్ట, జేబు నిండా తెల్ల క్లిప్పులు. నేను జగిత్యాలలో ఒక కంటి దవాఖానలో కళ్ళు పరీక్ష చేసి అద్దాల నంబరు రాస్తాను. మా దగ్గర నెట్టు పోయిందంటే అతను వచ్చేవాడు. మొదటి రోజు వచ్చిన కాసేపటికే ఊడ్చే ఆమె అతనికి చిన్నమ్మ అయింది, వాచ్‌మన్ బావ అయ్యాడు. కంట్లో చుక్కలు వేయించుకుని కళ్ళు మూసుకుని కూర్చున్న రాయికల్ పెద్దాయన, మనిషి మొహం కూడా చూడకుండా, అల్లుడా జర ఆ ఫ్యాను ఎక్కువ చెయ్యి అని అతనికే పని చెప్పాడు. ఇతనూ సరే మామా అని చేసేశాడు. వీళ్ళిద్దరూ నిజంగానే చుట్టాలేమో అని నేను అనుకున్నాను.

ఆ వరుసల వెనక అతనికో లెక్క ఉండేది. అత్త అంటే చాయ్ వస్తుంది. వదిన అంటే నాలుగు నవ్వులు నడుస్తాయి. బావ అంటే నిచ్చెన పట్టుకోవడానికి మనిషి దొరుకుతాడు. పోలీసులు, కండక్టర్లు, మీసాలున్న గంభీరమైన మనుషులు ఎదురైతే మాత్రం కాకా. కాకా అంటే చిన్నాయన, నాయిన తమ్ముడు, తిట్టినా కొట్టడు. భయమైతే కాకా అనుడే అని తనే చెప్పి తనే నవ్వేవాడు. గల్లీలో కుక్క వెంటపడితే దాన్ని కూడా కాకా అన్నాడని వాచ్‌మన్ చాలా రోజులు చెప్పుకుని తిరిగాడు.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. వాళ్ళు గౌడ్స్. వాళ్ళ నాయిన ఇప్పటికీ పొద్దునా సాయంత్రం తాళ్ళెక్కి, అంటే తాటిచెట్లెక్కి, కల్లు దించుతాడు. ఆయన కొడుకు అయి ఉండీ ఇతనికి ఎత్తంటే భయం. నిచ్చెన మీద రెండు మెట్లెక్కితే కాళ్ళు వణుకుతాయి. అందుకని ఎక్కినంతసేపూ గోడ మీదే చూపు పెట్టుకుని, ఎడతెగకుండా మాట్లాడుతూ ఉంటాడు. కింద ఉన్నవాళ్ళు ఎంత కలుపుగోలు పిల్లగాడని మురిసిపోతారు. అతను భయంతో వాగుతున్నాడని నాకొక్కదానికే తెలుసు. మరి వేరే పని చేసుకోవచ్చు కదా అంటే, తాళ్ళకంటే నిచ్చెన పొట్టిదే కదా అనేవాడు.

పరిచయం ఎట్లా ముదిరిందంటే, అతను కళ్ళు పరీక్ష చేయించుకోవడానికి వచ్చాడు. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ వచ్చాడు. వచ్చినప్పుడల్లా అక్షరాలు వేరేగా చదివేవాడు, వేరే నంబరు వచ్చేది. చివరికి నాకు ఒళ్ళుమండి, నిజం చెప్పమని నిలదీశాను. కళ్ళు మంచిగానే ఉన్నాయట. మిషనులో గడ్డం పెట్టి చూస్తే దూరంగా రోడ్డు చివర ఒక చిన్న ఇల్లు కనిపిస్తుంది కదా, అది చూసి పోదామని వస్తున్నాడట. ఆ ఇల్లు నేను రోజూ వందమందికి చూపిస్తాను. అది బాగుంటుందని అన్నవాడు మాత్రం అతనొక్కడే.

కలిసి చాయ్ తాగిన మొదటి రోజే నేను మొహమాటం లేకుండా చెప్పేశాను. ప్రేమ అంటే పెళ్ళి, పెళ్ళి అంటే లొల్లి. మాది సిరిసిల్ల, పద్మశాలీలం, ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు సాంచాలు. పవర్‌లూమ్‌ను మా దగ్గర సాంచ అంటారు. మా అమ్మ కులం తప్పిన సంబంధమంటే మాటే ఎత్తనివ్వదు. కాబట్టి కలుద్దాం, తిరుగుదాం, మంచిగా ఉందాం. ఇంతకుమించి ఏమీ వద్దు, ఎవరూ ఎవరికీ ఏమీ కాదు. నా హాస్టల్ రూమ్మేటు దీన్ని సిచ్యుయేషన్‌షిప్ అంటారని ఫోనులో చూసి చెప్పింది. నాకా మాటకు నోరు తిరగలేదు. అతను మాత్రం నేను చెప్పిందంతా విని, సరే అన్నాడు. కాస్త ఆలోచించి అయినా సరే అని ఉండాల్సింది.

బాగానే గడిచింది, అబద్ధమెందుకు. ఆదివారం ధర్మపురి దాకా బండి మీద పోయి గోదావరి ఒడ్డున కూర్చునేవాళ్ళం. కోరుట్ల వైపు మాత్రం పోయేవాళ్ళం కాదు, అక్కడ గల్లీకొక అత్త ఉంది అతనికి. ఫోటోలు వద్దనుకున్నాం. వర్షం పడితే హాస్టల్ ముందు బండి ఆపి హారను కొట్టకుండా నిలబడేవాడు. నాకు జ్వరం వచ్చినప్పుడు వార్డెన్‌కు చిన్నమ్మ అని పేరు పెట్టి, లోపలికి గంజి పంపించాడు. ఇంత చేసే మనిషి ఎవరూ కాకపోవడమేమిటని వార్డెన్ నన్ను అడిగింది. నేను మా బంధువులబ్బాయి అన్నాను. ఏ బంధువు అంటే గంజి గిన్నె అందుకుని రూములోకి పోయాను.

లోకం మొత్తానికి వరుస పెట్టినవాడు నన్ను మాత్రం ఏమీ అనేవాడు కాదు. పేరు కూడా పెట్టి పిలవడు. గిటు సూడు, ఇంటున్నవా, అంతే. ఒకసారి రాయికల్‌లో చాయ్ తాగుతుంటే ఆ హోటలామె నన్ను ఎగాదిగా చూసి, ఎవరు కొడుకా ఈ పిల్ల అని అడిగింది. ఆమె అతనికి అప్పటికే అత్త. అతను నా వైపు చూశాడు, గోడ వైపు చూశాడు, కంటి దవాఖానలో పనిచేస్తుంది అత్తా అన్నాడు. తప్పేముంది? నిజమే కదా! నేను పెట్టిన షరతే కదా! అయినా ఆ చాయ్ సగంలోనే పెట్టేశాను. దారిలో ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాను. నాకు అతను కావాలని ఆ రోజే తెలిసింది. ఏమీ వద్దన్నది నేనే కాబట్టి అడిగే మొహం లేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు రాఖీ పున్నమి వచ్చింది. రెండేళ్ళ కిందటి మాట. పొద్దుటి నుంచి ఒక్క బస్సులోనూ కాలు పెట్టలేకపోయాను. తమ్ముడు ఫోను మీద ఫోను. అతనికి చెప్తే బండి తెచ్చాడు, వేములవాడ మీదుగా సిరిసిల్లకు తీసుకొచ్చాడు. గల్లీ మొగదల దింపి వెళ్ళిపోవాలని ముందే అనుకున్నాం. మా అమ్మ అప్పుడే వాకిట్లో నిలబడి ఉంది. ఇంతదూరం తెచ్చిన పిల్లగాన్ని నీళ్ళన్నా ఇయ్యకుండా పంపుతామా అని లోపలికి లాక్కొచ్చింది. మా దవాఖానకు నెట్టు వేసే అబ్బాయి, ఇటే పనుండి వస్తున్నాడు అని నేను అల్లిన అబద్ధం అంతంతమాత్రంగా అతికింది.

మా సాలోళ్ళకు అది నూలుపున్నమి కూడా. సాంచాలు బంద్ పెట్టి, మగవాళ్ళు కొత్త జంజం వేసుకుంటారు. బాపు, అంటే మా నాన్న, స్నానం చేసి, కొత్త జంజంతో, మీసాలు తడిగా, లోపలి నుంచి బయటికి వచ్చాడు. మా బాపు మాట తక్కువ మనిషి, ఊరికే చూసినా కోపంగా చూసినట్టుంటుంది. అతను చటుక్కున లేచి నిలబడి దండం పెట్టాడు.

"నమస్తే కాకా. మంచిగున్నరా?"

నాకు నవ్వు రావాలి, రాలేదు. కాకా అంటే ఏమిటో మా అమ్మకు క్షణం పట్టలేదు. తండ్రి అతనికి చిన్నాయన అయితే కూతురు చెల్లెలే. అప్పటిదాకా అనుమానంగా చూస్తున్న మొహం ఒక్కసారి విచ్చుకుంది. అమ్మ ప్రతి ఏడూ పక్కిళ్ళ పిల్లల కోసం నాలుగు రాఖీలు ఎక్కువే కొంటుంది. కుంకుమ, బియ్యం, స్వీటు పెట్టిన పళ్ళెం అట్లాగే తెచ్చి నా చేతికిచ్చింది. ఇయ్యాల ఇంటికొచ్చిన అన్నను ఉత్త చేయితో పంపొద్దు, కట్టు బిడ్డా అంది.

ఎవరింట్లో ఏది పెట్టినా కాదనకుండా చేయి చాచే అలవాటు అతనిది. చాచాడు. పళ్ళెంలో ఉన్నదేమిటో అప్పుడు చూశాడు. ఆ చేయి ముందుకూ రాలేదు, వెనక్కీ పోలేదు. నేను ఎర్ర దారపు రాఖీ చేతిలోకి తీసుకున్నాను. కట్టేస్తే ఇంట్లో ఎవరికీ ఏ అనుమానమూ ఉండదు, ఇక ఎన్నిసార్లు దింపినా అడిగేవాళ్ళుండరు. కట్టేస్తే అతను నాకు జన్మలో అన్న. మా దగ్గర రాఖీ కట్టిన చేతిని మళ్ళీ ఇంకోలా పట్టుకోవడం ఉండదు. తమ్ముడు ఫోను పట్టుకుని ఫోటో తీయడానికి తయారుగా ఉన్నాడు.

"నేను కట్ట" అన్నాను.

ఎందుకు కట్టవని అమ్మ అడిగింది. కట్టనంతే అన్నాను. నాకే ఆశ్చర్యమైంది, గొంతు అంత గట్టిగా వచ్చింది. అప్పుడు అతను నోరు తెరిచాడు. నేను ఆశపడ్డాను కూడా. పొద్దున్నే మా అక్క కట్టింది కాకా, ఉండనీ కాకా అన్నాడు. అప్పుడు కూడా కాకా! అమ్మ తెచ్చి పెట్టిన నీళ్ళ చెంబు తీసి అతని నెత్తిన గుమ్మరిద్దామా అనిపించింది.

బాపు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కుర్చీలో కూర్చుని, మెల్లగా అన్నాడు.

"గట్లయితే నన్ను కాకా అనకు పిలగా."

ఎంత ఎత్తు నిచ్చెన మీదైనా ఆగని నోరు ఆ రోజు ఆగిపోయింది. నీళ్ళు కూడా తాగకుండా బండి ఎక్కి, రుద్రంగి దారిన కోరుట్లకు వెళ్ళిపోయాడు. అతను చాయ్ తాగకుండా దాటిపోయిన ఇల్లు నాకు తెలిసి మాదొక్కటే. ఆ తర్వాత అమ్మ చేసిన గొడవ రాయను, ప్రతి ఇంట్లోనూ ఆ గొడవకు అవే మాటలుంటాయి. బాపు మాత్రం ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

జగిత్యాల వచ్చాక అతన్ని పిలిచి, బస్టాండు వెనక జ్యూస్ షాపులో కూర్చోబెట్టి అడిగాను. మా ఇంట్లో అందరి ముందు నేను చెప్పాల్సింది చెప్పేశాను, నువ్వేమంటావు అని. ఏమీ ఉండొద్దన్నది నువ్వే కదా అన్నాడు. అన్నాను, ఇప్పుడు నేనే అడుగుతున్నాను అన్నాను. అతను గోడ మీదికి చూపు తిప్పాడు. అక్క పెళ్ళి కాలేదన్నాడు, నిర్మల్‌కు బదిలీ చేస్తున్నారన్నాడు, ఈ కొత్త రౌటర్లు ఊరికే కాలిపోతున్నాయన్నాడు. మాటల వెనక మాటలు. భయమని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం తగ్గాలా? నేను ఎంత భయపడ్డానో ఆ రాఖీ పట్టుకుని! లేచి వచ్చేశాను. హాస్టల్ చేరకముందే నంబరు బ్లాక్ చేశాను.

రూమ్మేటు నన్ను ఓదార్చింది. మీ ఇద్దరి మధ్య ఏమీ లేదు కదే, ఏమీ లేనిదానికి ఏడుస్తారా అంది. ఏడుస్తారని నాకు అప్పుడు తెలిసింది. పెళ్ళి విరిగితే పదిమంది వచ్చి పలకరిస్తారు. ఇలాంటిది విరిగితే పలకరించడానికి ఎవరూ రారు, వాళ్ళకు తెలిస్తే కదా. పొద్దున్నే లేచి డ్యూటీకి పోయి, వచ్చినవాళ్ళకల్లా గడ్డం ఇక్కడ పెట్టండి, ఆ ఇల్లు చూడండి అని చెప్పాను. రెండేళ్ళలో సంబంధాలు కూడా వచ్చాయి. అమ్మ చూపిస్తే చూశాను, వద్దన్నాను.

మొన్న ఆ కుర్రాడి దస్తీ పుణ్యమా అని వేములవాడ దాకా నిలబడే పోయాను. ఇంటికి చేరి తమ్ముడికి రాఖీ కట్టి, స్వీటు తినిపించి, చేయి కడుక్కుంటుంటే బాపు ఒకసారి షెడ్డులోకి రమ్మన్నాడు. పండుగ కాబట్టి నాలుగు సాంచాలూ ఆగి ఉన్నాయి. అవి నడుస్తుంటే ఆ షెడ్డులో పక్క మనిషి అరిచినా చెవికి పట్టదు. పనివాళ్ళు పెదవులు చూసే మాట పోల్చుకుంటారు. బాపు చిన్నప్పటి నుంచీ అందులోనే ఉన్న మనిషి. నన్ను స్టూలు మీద కూర్చోమని, ఆ పిలగాడు అచ్చిండు అని మొదలుపెట్టాడు.

పోయిన వారం వచ్చాడట. ఇంట్లోకి పోలేదు, నేరుగా షెడ్డులోకి వచ్చి సాంచ పక్కన నిలబడ్డాడట. ఏదో అన్నాడు. బాపు చెవి దగ్గర చేయి పెట్టి వినపడడం లేదన్నాడు. ఇంకొంచెం గట్టిగా అన్నాడు. బాపు మళ్ళీ వినపడడం లేదన్నాడు. అతను కళ్ళు మూసుకుని, మెడనరాలు ఉబ్బేలా అరిస్తే, పక్క షెడ్డు పనివాళ్ళు బయటికొచ్చి చూశారట. మీ బిడ్డను చేసుకుంట, మా అవ్వకు చెప్పి అచ్చిన, ఆమె నాతోని మాట్లాడ్తలేదు, అయినా అచ్చిన. ఇదీ అతను అరిచింది, అవ్వంటే వాళ్ళమ్మ.

"నాకు మొదటిపారే సమజైంది" అన్నాడు బాపు. "పెదవులు సూస్తే తెల్వదా? జర గట్టిగ అననీ అనుకున్న."

బాపు నవ్వుతున్నాడని అర్థం కావడానికి నాకు కాస్త టైం పట్టింది. అతను అలా అరిచాక బాపు సాంచ ఆపి, ఇన్నాళ్ళూ ఏం చేసినవని అడిగాడట. ధైర్యం జమ చేసుకున్న అన్నాడట అతను. అక్క పెళ్ళి చేశాడు, ఇంట్లో చెప్పాడు, తిట్లు తిన్నాడు, వచ్చాడు. బాపు అతనికి ఏ మాటా ఇవ్వలేదు. చేసుకునేది నన్ను కాదు కదా, పోయి దాన్ని అడుగు అని చాయ్ తాగించి పంపాడు. నాకు ఫోను చేసి ఎందుకు చెప్పలేదంటే, ఇది ఫోనులో చెప్పే ముచ్చటనా అన్నాడు.

కాసేపు సాంచ మీద ఉన్న బట్టను వేళ్ళతో సరిచేశాడు. కులపోళ్ళు నాలుగు మాటలంటారని, తనకూ బాధ లేదంటే అబద్ధమని, అమ్మ నెల రోజులు అన్నం ముందు కూర్చుని ఏడుస్తుందని, అవన్నీ తాను చూసుకుంటానని చెప్పాడు. తర్వాత నా మొహంలోకి చూశాడు.

"నేను అవునన్లే, కాదన్లే. నువ్వేమంటవ్ బిడ్డా?"

నాకు ఏడుపొచ్చింది. సంతోషంగానే ఉంది, దానికంటే ఎక్కువ కోపంగా ఉంది. నన్ను అడగాల్సిన మాట నాకంటే ముందు మా వాడంతా విన్నది! బాపుకు జవాబు చెప్పకుండా ఫోను తీసి, బ్లాక్ తీసేసి, కాల్ చేశాను. వెంటనే ఎత్తాడు. ఎక్కడున్నావంటే నిచ్చెన మీద అన్నాడు. ముందు కిందికి దిగమన్నాను. దిగినట్టు చప్పుడు వినపడింది.

మా బాపుకు చెప్పినవట, నాకు చెప్పలేదేంది అన్నాను. నంబరు బ్లాక్ ఉండె కదా అన్నాడు. జగిత్యాల బస్సు కూడా బ్లాక్ చేసిన్నా అన్నాను. వాగుడు మొదలుపెడతాడేమో, నిర్మల్ గురించో రౌటర్ల గురించో ఎత్తుకుంటాడేమోనని ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్నాను. ఎత్తుకోలేదు. నన్ను మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు. మా బాపుకు చెప్పిందంతా, మెల్లగా, ఒక్క మాట కూడా మింగకుండా నాకు చెప్పాడు.

షెడ్డులో ఒక్క సాంచా నడవడం లేదు. అతను ఊపిరి తీసుకోవడం కూడా నాకు తెలుస్తూనే ఉంది. ఎదురుగా బాపు నా పెదవుల వైపే చూస్తున్నాడు. నేను కళ్ళు తుడుచుకున్నాను.

"ఇనవడ్తలేదు" అన్నాను. "మల్ల చెప్పు."